వేదిక మీద పేరు లేని గురువులు

మన హాస్టల్ వార్షికోత్సవంలో కృతజ్ఞతలు చెప్పే పద్ధతి అందరికీ తెలిసిందే. చివర్లో ఒక పదో తరగతి విద్యార్థి చేతిలో కాగితం పట్టుకుని మైకు ముందు నిలబడతాడు. ముఖ్య అతిథి గారు, జిల్లా అధికారులు, వార్డెన్ సార్, టెంటు సామాను ఇచ్చినవారు, మైకు సెట్టు పెట్టినవారు అని పేర్లు వరసగా చదువుతాడు. ఆఖరున "ప్రత్యక్షంగా, పరోక్షంగా సహకరించిన ప్రతి ఒక్కరికీ" అని ముగిస్తాడు. చప్పట్లు కొట్టి అందరం భోజనాల వైపు పరుగు తీస్తాం. మా కాలంలో మేమూ అలాగే పరుగు తీశాం.

ఆ "పరోక్షంగా" అన్న ఒక్క మాటలో ఎంతమంది మనుషులు ఉంటారో మాకు ఏడేళ్ల తర్వాత తెలిసింది. 2024 డిసెంబరు 15న పాలమూరులో గ్రూప్-2 పరీక్ష రాయడానికి వెళ్లిన చోట, ఎవరినైతే ఇక ఎప్పుడూ కలవలేమనుకున్నామో ఆ సారే కనిపించారు. ఆ రోజు మేము ఏం చెప్పాం, ఏం చెప్పలేకపోయాం, కృతజ్ఞత చెప్పడంలో ఉన్న కష్టమేమిటి అన్నది ఇప్పుడు హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్లకూ, మనలాగే బయటికి వెళ్లిన పూర్వ విద్యార్థులకూ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. రాస్తున్నది ఒకరే అయినా ఇది 2018 బ్యాచ్‌కు చెందిన ముగ్గురి అనుభవం. అందుకే "మేము" అని రాస్తున్నాం.

హాస్టల్‌లో గురువు అంటే ఎవరు?

బడిలో గురువు ఎవరో చెప్పడం తేలిక. హాజరు పట్టీ పట్టుకుని వచ్చేవారే గురువు. హాస్టల్ సంగతి అలా కాదు. ఇక్కడ వార్డెన్ సార్ ఉంటారు. వంట మనుషులు, కామాటి, వాచ్‌మన్ ఉంటారు. సాయంత్రం పూట వచ్చి చెప్పే ట్యూటర్లు ఉంటారు. వీరిలో ఎవరు మన జీవితాన్ని ఏ మలుపు తిప్పుతారో ముందుగా ఎవరూ చెప్పలేరు. జ్వరం వచ్చిన రాత్రి గంజి కాచి ఇచ్చిన వంటమ్మ కావచ్చు. ఇంటికి పారిపోతుంటే గేటు దగ్గర ఆపి, ఎవరికీ చెప్పకుండా మళ్లీ లోపలికి పంపిన వాచ్‌మన్ తాత కావచ్చు.

వీరిలో ట్యూటర్ల పరిస్థితి వేరు. వార్డెన్లకు బదిలీ అయితే ఎక్కడికి వెళ్లారో ఆఫీసులో అడిగి తెలుసుకోవచ్చు. ట్యూటర్లు అలా కాదు. డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం కోసం చూస్తున్న యువకులు, కొద్దిపాటి గౌరవ వేతనానికి వచ్చి సాయంత్రం రెండు గంటలు చెప్పి వెళ్తుంటారు. వేరే పని దొరికితే వెళ్లిపోతారు. వారికి వీడ్కోలు సభ ఉండదు, గ్రూపు ఫొటో ఉండదు. పిల్లలకు వారి పూర్తి పేరు కూడా తెలియదు. "లెక్కల సార్" అంటేనే తెలుస్తుంది. మా లెక్కల సార్ కూడా అలాంటివారే. 2016లో మేము తొమ్మిదో తరగతిలో ఉండగా వచ్చారు. 2017 డిసెంబరులో, మా పదో తరగతి పరీక్షలకు మూడు నెలల ముందు, ఒక్క మాట కూడా చెప్పకుండా మానేశారు.

ఆయన మాకు చేసిన మేలు మూడు రకాలు. ఎవరికైనా కృతజ్ఞత చెప్పాలంటే ముందు వారు చేసింది ఏమిటో మనకు స్పష్టంగా తెలియాలి. కాబట్టి ఆ మూడింటినీ విడివిడిగా చెబుతాం.

మొదటిది: తప్పిపోయిన మెట్టును వెతకడం

ఆయన వచ్చిన మొదటి రోజు బోర్డు మీద 1/2 + 1/3 అని రాసి ఎంత అని అడిగారు. తొమ్మిదో తరగతి పిల్లలం అందరం ఒక్క గొంతుతో "2/5 సార్" అన్నాం. పైవి పైవి కలిపాం, కిందివి కిందివి కలిపాం. ఆయన కోప్పడలేదు. "సగం రొట్టె తిన్నవు. అది చాలక ఇంకో ముక్క తిన్నవు. మొత్తం కలిపితే సగం కన్నా తక్కువ తిన్నట్టు ఎట్లయితది రా?" అని అడిగారు. 2/5 అంటే సగం కన్నా తక్కువ అని అప్పుడు తెలిసింది. జవాబు 5/6 అని ఆ రోజు జొన్నరొట్టెను ముక్కలు చేసి చూపించారు.

లెక్కలు మెట్ల వంటివి. సాంఘిక శాస్త్రంలో ఒక పాఠం రాకపోయినా తర్వాతి పాఠం చదువుకోవచ్చు. లెక్కల్లో అలా కుదరదు. భిన్నాలు రానివాడికి సమీకరణాలు రావు, సమీకరణాలు రానివాడికి త్రికోణమితి రాదు. మాలో చాలామంది అమ్మానాన్నలు పనుల కోసం పుణే, ముంబై వలస పోయేవారు. వారి వెంట వెళ్లిన ఏడు మేము కూడా బడి తప్పేవాళ్లం. తిరిగి వచ్చేసరికి తరగతి పైకి వెళ్లేది గాని మెట్టు కిందే ఉండిపోయేది. పై తరగతుల్లో ఎంత బట్టీ పట్టినా లాభం లేకపోవడానికి కారణం అదే. మేము మాత్రం మా బుర్రలే మొద్దు అనుకునేవాళ్లం.

సార్ నాలుగో తరగతి, ఐదో తరగతి లెక్కల పుస్తకాలు తెచ్చారు. తెచ్చే ముందు వాటికి దినపత్రికతో అట్టలు వేశారు. అట్ట మీద ఏమీ రాయలేదు. పక్క గదిలో ఉన్న ఎనిమిదో తరగతి పిల్లలకు గాని, చూడటానికి వచ్చే పెద్దలకు గాని మేము నాలుగో తరగతి పుస్తకం చదువుతున్నామని తెలియకుండా ఉండటానికి ఆ పని చేశారు. అప్పుడు మాకు అది అర్థం కాలేదు. పుస్తకం పాడవకుండా వేశారనుకున్నాం. చదువు చెప్పేవారు చాలామంది ఉంటారు. పిల్లవాడి సిగ్గును కూడా ఆలోచించేవారు కొద్దిమందే ఉంటారు.

రెండోది: కాగితాల సంగతి

పదో తరగతి నామినల్ రోల్స్ రాసే రోజుల్లో ఆయన ఒక సాయంత్రం పాఠం ఆపేసి, అందరి చేత పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఇంగ్లీషులో రాయించారు. లక్ష్మయ్య అన్న పేరునే చూడండి. ఇంగ్లీషులో కొందరు ఎక్స్ అక్షరంతో రాస్తారు, కొందరు కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు. ఆధార్‌లో ఒక రకంగా, కుల ధ్రువీకరణ పత్రంలో ఒక రకంగా, బడి రిజిస్టరులో మరో రకంగా ఉంటుంది. ఇంట్లో చదువుకున్నవారు ఉంటే ఎప్పుడో ఒకసారి గమనిస్తారు. మా ఇళ్లలో ఆ కాగితాలు ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంటాయి గాని, వాటిలో ఏముందో చదివేవారు ఉండరు.

పదో తరగతి మెమోలో పడిన పేరూ, పుట్టిన తేదీయే ఆ తర్వాత అన్నిచోట్లా ఆధారం. ఇంటర్ ప్రవేశానికీ, ఈ-పాస్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తుకూ, ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలనకూ అదే అడుగుతారు. ఒక అక్షరం తేడా ఉంటే స్కాలర్‌షిప్ ఆగుతుంది. తర్వాత మార్పించుకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి, కూలి పోగొట్టుకోవాలి. సార్ ఆ రోజు మా పద్దెనిమిది మంది కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. ఐదుగురివి తప్పు తేలాయి. ఆ ఐదుగురి వివరాలు చీటీ మీద రాసి, బడిలో ఎవరిని కలవాలో, ఏ కాగితం చూపించాలో చెప్పి పంపారు. అలా సరిచేయించుకున్నవారిలో మా ముగ్గురిలో ఒకడు కూడా ఉన్నాడు. వాడికి ఇంటర్ నుంచి పీజీ దాకా ఏ కౌంటర్ దగ్గరా పేరు గురించి ఒక్క ప్రశ్న కూడా ఎదురుకాలేదు.

మూడోది: తర్వాతి ప్రశ్న చెప్పడం

చదువుకున్న ఇంట్లో పుట్టినవారికీ మనకూ ఉన్న పెద్ద తేడా ఏమిటంటే, మనకు జవాబులే కాదు, ఏం అడగాలో కూడా తెలియదు. పదో తరగతి తర్వాత ఏముందని అడగాలనే మాకు తెలియదు. పదయ్యాక పని అనే తెలుసు. సార్ ఒక చార్టు మీద చెట్టు బొమ్మ గీశారు. మొదట్లో పదో తరగతి. ఒక కొమ్మ మీద ఇంటర్, ఒక కొమ్మ మీద పాలిటెక్నిక్, ఒక కొమ్మ మీద ఐటీఐ, ఇంకో కొమ్మ మీద బాసర ట్రిపుల్ ఐటీ. దేనికి ప్రవేశ పరీక్ష ఉంటుంది, దేనికి పదో తరగతి గ్రేడే చాలు అని కింద రాశారు. ఆ చార్టును భోజనాల హాలులో, పళ్లెం పట్టుకుని వరసలో నిలబడే చోట అతికించారు. రోజుకు రెండు పూటలా దాని ముందు నిలబడి మేము దాన్ని ఎక్కం లాగా నేర్చుకున్నాం.

అలాంటి సార్ డిసెంబరులో చెప్పకుండా మానేశారు. మాకు చాలా కోపం వచ్చింది. మమ్మల్ని మధ్యలో వదిలేశారని అనుకున్నాం. కొన్ని రోజులు ఆయన గురించి అనరాని మాటలు కూడా అన్నాం. ఆ మాట ఇక్కడ దాచడం న్యాయం కాదు.

పరీక్షా కేంద్రం బయట

ఇక ఆ రోజు సంగతి. గ్రూప్-2లో రోజుకు రెండు పేపర్లు. ఉదయం పేపరు 12.30కు అయిపోతుంది. మధ్యాహ్నం పేపరు 3 గంటలకు. మధ్యలో తిండికీ, చదువుకీ ఉన్న సమయం అంతే. గేటు ఎదురుగా ఉన్న చాయ్ దుకాణంలో పది రూపాయలు ఇచ్చి పెట్టిన సంచులు తీసుకుని, రోడ్డు పక్క వేపచెట్టు కింద కూర్చున్నాం. కొంచెం దూరంలో ఒకాయన టిఫిన్ బాక్సు పక్కన పెట్టుకుని నోట్సు చదువుతున్నారు. వయసు నలభై దాటినట్టుంది. తల నెరిసింది. ముందు మేము మనిషిని గుర్తుపట్టలేదు, ఆ నోట్సును గుర్తుపట్టాం. దానికి దినపత్రికతో అట్ట వేసి ఉంది. అంచులు లోపలికి మడిచి, మూలలు త్రికోణంగా నొక్కి ఉన్నాయి.

దగ్గరికి వెళ్లి "సార్, మీరు మా హాస్టల్‌లో లెక్కలు చెప్పిన్రు కదా?" అని అడిగాం. ఆయన మమ్మల్ని ఒకసారి చూసి, "కాదు బాబూ, ఎవర్నో చూసి నేను అనుకుంటున్నరు" అన్నారు. మళ్లీ నోట్సులోకి చూశారు.

ఆ గొంతు ఆయనదే. మాకు అనుమానం లేదు. అయినా ఏం చేయాలో తోచలేదు. మళ్లీ అడిగితే బాధపెట్టినట్టు అవుతుందేమో, అడగకుండా వెళ్లిపోతే ఇక ఈ జన్మలో దొరకరేమో. మా ముగ్గురికీ మాట రాలేదు. తిరిగి వచ్చి మా చోట కూర్చున్నాం. అన్నం సహించలేదు.

పది నిమిషాలకు ఆయనే లేచి వచ్చారు. "2018 బ్యాచా మీరు?" అన్నారు. అవునన్నాం. పక్కన కూర్చున్నారు. కొంచెం సేపు ఆగి, "ట్యూటర్‌ను అని ఒప్పుకుంటే ఇప్పుడేం చేస్తున్నరు సార్ అని అడుగుతరు. దానికి నా దగ్గర జవాబు లేదురా" అన్నారు. ఒక ప్రైవేటు బడిలో చెబుతున్నారట. వయసు సడలింపు ఉన్నంత వరకు పరీక్షలు రాద్దామని రాస్తున్నారట.

మాలో ఒకడు గబుక్కున "సార్, మీ వల్లనే మేము ఈ స్థాయికి వచ్చినం" అన్నాడు. వార్షికోత్సవాల్లో విని విని అలవాటైన మాట అది. ఆయన నవ్వి, "ఏ స్థాయి రా? మీరూ నేనూ ఒకే హాల్లో కూసొని ఒకే పేపరు రాస్తున్నం" అన్నారు. మేమూ నవ్వాం గాని ఆ మాట మాకు గుచ్చుకుంది. మేము చెప్పిన కృతజ్ఞత ఆయనకు చేరలేదు. ఆ మాటతో ఆయన స్థితి ఆయనకు గుర్తుచేసినట్టయింది.

అప్పుడు ఆయనే అన్నారు: "మిమ్మల్ని మధ్యల ఇడిసిపెట్టి పోయిన. నాయినకు పాణం బాగలేదు. ఈ పైసలతోని ఇల్లు ఎల్లకపాయె. పట్నంల పని దొరికితే పోయిన. మీ మొకాలు చూసి చెప్పే ధైర్యం లేక చెప్పలే. మీరు ఫెయిలయ్యుంటరని ఎన్నోసార్లు అనుకున్న."

మేము ఏడేళ్లుగా ఆయనకు బాకీ ఉన్నామనుకుంటున్నాం. ఆయన ఏడేళ్లుగా మాకు బాకీ ఉన్నానని అనుకుంటున్నారు. ఒకరి లెక్క ఒకరికి తెలియదు.

అప్పుడు మేము అసలు సంగతి చెప్పాం. ఆయన వెళ్లిపోయాక ఆయన రాయించిన నోట్సు మా దగ్గరే ఉంది. సాయంత్రం ఆరు గంటలకు అదే గదిలో, అదే బోర్డు ముందు కూర్చునేవాళ్లం. రోజుకొకడు ఒక అధ్యాయం చెప్పేవాడు. భిన్నాలు వచ్చినవాడు రానివాడికి చెప్పేవాడు. పరీక్షల దాకా ఒక్కరోజు కూడా ఆపలేదు. పద్దెనిమిది మందిలో పదహారు మందిమి లెక్కల్లో పాసయ్యాం. "సార్, మీరు పోయినా క్లాసు ఆగలే" అన్నాం. దినపత్రిక అట్టల సంగతి చెప్పాం. అది ఆయనకు గుర్తే లేదు. చీటీ మీద రాసిచ్చిన పేర్ల సంగతి చెప్పాం. అది గుర్తుంది. "ఎవరెవరివి సరయినయి?" అని అడిగారు. ఆ ఐదుగురి పేర్లూ చెప్పాం.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత టిఫిన్ బాక్సు మూత తీసి, ఉన్న రొట్టెలు నాలుగు భాగాలు చేశారు.

ఆలస్యం ఎందుకు అవుతుంది?

కృతజ్ఞత లేక కాదు. చాలామందికి మనసులో ఉంటుంది. అది నోటి దాకా రాకపోవడానికి మాకు తోచిన కారణాలు మూడు. మంచి ఉద్యోగం వచ్చాక వెళ్లి కాళ్లకు మొక్కుదామనుకుంటాం. ఆ ఉద్యోగం వస్తుందో రాదో, వచ్చేనాటికి వారు ఉంటారో లేదో తెలియదు. రెండోది, వారు మనను మరచిపోయి ఉంటారని మొహమాటపడతాం. మూడోది, చేసింది వారి డ్యూటీయే కదా అనుకుంటాం. డ్యూటీలో పుస్తకం తేవడం ఉంటుంది గాని, ఆ పుస్తకానికి అట్ట వేయడం ఉండదు.

ఈ విషయంలో డాక్టర్ అంబేడ్కర్ గారి జీవితం నుంచి ఒక సంఘటన చెప్పాలి. హాస్టల్ గోడ మీద ఆయన ఫొటో రోజూ చూస్తాం గాని ఈ సంగతి చాలామందికి తెలియదు. ఆయన బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో, నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకు, 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆ మేలును మరచిపోలేదు. 1925లో అచ్చయిన తన గ్రంథాన్ని, బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద రాసినదాన్ని, తన చదువుకు చేసిన సాయానికి కృతజ్ఞతగా మహారాజుకు అంకితమిచ్చారు.

కొలంబియాలో ఆయనకు పాఠాలు చెప్పినవారిలో జాన్ డ్యూయీ అనే తత్వవేత్త ఒకరు. 1936లో వెలువడిన కుల నిర్మూలన ప్రసంగ పాఠంలో అంబేడ్కర్ ఆయన్ను తన గురువుగా పేర్కొని, ఆయనకు ఎంతో రుణపడి ఉన్నానని రాశారు. 1952లో కొలంబియా విశ్వవిద్యాలయం అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేటు ప్రకటించింది. జూన్ 5న ప్రదానం. గురువును కలవవచ్చని ఎంతో ఆశతో బయలుదేరారు. కానీ ఆయన ఇంకా ప్రయాణంలో ఉండగానే, జూన్ 1న, డ్యూయీ తొంభై రెండేళ్ల వయసులో కన్నుమూశారు. నాలుగు రోజుల తేడా. ఆ బాధను అంబేడ్కర్ తన భార్యకు ఉత్తరంలో రాసుకున్నారు. తన ఆలోచనా జీవితమంతా ఆయన పెట్టిన భిక్షే అన్న అర్థంలో రాశారు. పుస్తకంలో రాసి కృతజ్ఞత చెప్పిన అంతటి మనిషికి కూడా ఎదురుగా నిలబడి చెప్పే అవకాశం తప్పిపోయింది.

ఇంకొక ఉదాహరణ ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూది. ఆయన అల్జీరియాలో పేద ఇంట పుట్టారు. ఏడాది నిండకముందే తండ్రి యుద్ధంలో చనిపోయారు. తల్లికి చదువు రాదు. లూయీ జెర్మేన్ అనే ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, పిల్లవాణ్ణి పనిలో పెడదామనుకున్న ఇంటివారిని ఒప్పించి, విడిగా పాఠాలు చెప్పి స్కాలర్‌షిప్ పరీక్ష రాయించారు. 1957లో కామూకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సందడి కొంత తగ్గగానే తల్లి తర్వాత తనకు గుర్తొచ్చింది ఆ ఉపాధ్యాయుడేనని ఆయనకు ఉత్తరం రాశారు. 1960 జనవరిలో కామూ కారు ప్రమాదంలో చనిపోయారు. అప్పటికి వయసు 46. గురువు ఇంకా బతికే ఉన్నారు. పెద్దవారే ముందు పోతారని, మనకు కావలసినంత సమయం ఉందని అనుకోవడానికి లేదు. ఆయన ఇంకొంచెం ఆగుదామనుకుని ఉంటే ఆ ఉత్తరం వెళ్లేదే కాదు.

ఎలా చెప్పాలి?

ఆ చెట్టు కింద మేము నేర్చుకున్నది ఇదే. "మీ వల్లనే ఇంతవాళ్లమయ్యాం" అని చెప్పకండి. అందులో చెప్పేవారి గొప్ప ఉంటుంది గాని వినేవారికి ఏమీ చేరదు. ఏ రోజు, ఏ పని చేశారు, దాని వల్ల తర్వాత ఏం జరిగింది అన్నది చెప్పండి. మేలు చేసినవారికి మొదటి సగమే తెలుస్తుంది. విత్తనం వేసినవారు ఊరు వదిలి వెళ్తే పంట సంగతి వారికి ఎవరు చెబుతారు? ఆ రెండో సగం మనం చెబితేనే వారికి తెలుస్తుంది. మా సార్ ఏడేళ్లు తాను ఓడిపోయానని అనుకున్నారు. పదహారు అన్న ఒక్క అంకె ఎవరైనా ఆయనకు చెప్పి ఉంటే ఆ బరువు అన్నాళ్లు మోసేవారు కాదు.

ఇంకో మాట. గురువు మన కన్నా పెద్ద కుర్చీలోనే ఉండాలని లేదు. బస్టాండులో సంచి మోస్తూ కనిపించవచ్చు. మన పక్క బెంచీ మీద పరీక్ష రాస్తూ కనిపించవచ్చు. అప్పుడు జాలి చూపించకూడదు, చూడనట్టు తప్పుకోకూడదు. వారు గుర్తుపట్టనట్టు ఉంటే వెంటపడకుండా కాసేపు ఆగాలి. వారి ఇప్పటి పరిస్థితి గురించి వారే చెబితే వినాలి. మనం చెప్పవలసింది వారు చేసిన పని గురించి.

ఆ ఇద్దరు

మూడు గంటల పేపరుకు లేవబోతుండగా సార్ అడిగారు: "పద్దెనిమిది మందిల పదహారు అన్నరు. మరి ఆ ఇద్దరు ఎవరు రా? ఏం జేస్తున్నరు?"

మాకు పేర్లు తెలుసు. ఒకడు హైదరాబాదులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడని విన్నాం. రెండోవాడు ఎక్కడున్నాడో తెలియదు. ఏడేళ్లలో ఒక్కసారి కూడా వాళ్లను మేము అడగలేదు. పాసైన పదహారు మంది లెక్క గర్వంగా చెప్పిన మాకు తల వంచుకోవలసి వచ్చింది. సార్ తిట్టలేదు. "నాకు చెప్పిన్రు, సంతోషం. ఇగ వాళ్లను వెతకున్రి" అన్నారు. ఫోను నంబరు ఇచ్చి లోపలికి వెళ్లారు.

ఆ పరీక్షలో మా ముగ్గురికీ ఉద్యోగం రాలేదు. సార్‌కూ రాలేదు. ఇద్దరిలో ఒకణ్ణి మాత్రం వెతికి పట్టుకోగలిగాం. వాడికి పెళ్లయింది, ఒక కూతురు. "ఇప్పుడు నాకు చదువెందుకు రా" అన్నాడు. నాలుగు ఆదివారాలు వెళ్లి కూర్చున్నాక ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి ఫీజు కట్టాడు. దరఖాస్తు నింపేటప్పుడు వాడి కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి పేరులో ప్రతి అక్షరం చూశాం. ఇప్పుడు వారానికి ఒకరోజు లెక్కలు మేమే చెబుతున్నాం. భిన్నాల దగ్గర నుంచి మొదలుపెట్టాం. నాలుగో తరగతి పుస్తకం తీసుకెళ్లాం. ఇంట్లో చిన్న పాప ముందు చదవాలి కదా అని దానికి అట్ట వేశాం.

రెండోవాడు ఇంకా దొరకలేదు. ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థుల్లో ఎవరికైనా 2018 బ్యాచ్‌లో లెక్కలు తప్పిన మన మిత్రుడి ఆచూకీ తెలిస్తే హాస్టల్‌లో చెప్పండి.

చివరగా ఒక మనవి. ఇప్పుడు హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్లు ఒక పొడవు నోటుబుక్కు పెట్టండి. అందులో ఈ ఏడాది పనిచేసిన ట్యూటర్లు, వంట మనుషులు, కామాటి, వాచ్‌మన్‌ల పూర్తి పేర్లూ, ఊర్లూ వారిని అడిగి రాయండి. పక్కన వారు మీకు చేసిన ఒక్క పని రాయండి. వెళ్లిపోయేవారికి ఆ పేజీ చదివి వినిపించి పంపండి. మా సార్ పూర్తి పేరు మాకు ఏడేళ్ల తర్వాత, ఆయన హాల్‌టికెట్టు మీద చూస్తే తెలిసింది. మీకు అలా జరగకూడదు.

నోటుబుక్కుకు మంచి అట్ట వేయడం మరచిపోకండి.